ఎందుల ఏస్తవని అడిగే చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయింది. కోరుట్లలో, తన దుకాణంలో, కౌంటర్ వెనక కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. పొద్దున వచ్చి షట్టర్ ఎత్తి, ఊడ్చి, వాకిట్లో నీళ్లు చల్లి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించిన తర్వాత ఎప్పుడో ఊపిరి ఆగిపోయి ఉంటుంది. బల్బు కోసం వచ్చిన ఒకతను రెండు మూడు సార్లు పిలిచి, కునుకు తీస్తున్నదనుకొని, విసుక్కుంటూ పక్క దుకాణానికి పోయాడట. ఇంకొకామె కౌంటర్ అద్దం మీద వేలితో కొట్టి, పలకకపోయేసరికి ఏదో గొణుక్కుంటూ పోయిందట. పక్కనున్న మందుల దుకాణం అతను టీ పట్టుకొని వచ్చేదాకా చిన్నమ్మ అట్లా తల వంచుకొనే ఉంది.

నాకు ఫోన్ చేసింది చెల్లె, అంటే చిన్నమ్మ బిడ్డ. నేను జగిత్యాలలో కరెంటు పని నేర్పే ఓ ప్రైవేటు శిక్షణ కేంద్రంలో పాఠాలు చెబుతాను. అప్పుడు క్లాసులో ఉన్నాను. "అక్కా, అమ్మ లేదు" అన్నది చెల్లె. ఎక్కడికి పోయిందని అడిగాను. నిజంగానే అడిగాను. చెల్లె మళ్లీ అదే మాట అన్నది. అప్పుడు అర్థమైంది.

చిన్నమ్మకు కొడుకులు లేరు. తలకొరివి చెల్లే పెట్టింది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు గాని, వేరే మాట ఒకటి అన్నారు. శవాన్ని లేపకముందు ఇంటి ముందు టెంటు కింద ఆడవాళ్లు కూర్చున్నారు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన దూరపు బంధువు ఒకామె, పక్కనున్న ఆమెకు చిన్నమ్మను చూపించి చెబుతున్నది. "గీమెనే. మీటర్ల పాడు సెల్లులేసి మొగుణ్ణి సంపుకున్నామె."

చెల్లె అక్కడే ఉంది. తల్లి కాళ్లకు పసుపు రాస్తున్న చెయ్యి ఒక్కసారి ఆగి, మళ్లీ రాయడం మొదలుపెట్టింది. నేను వెళ్లి ఆ బంధువు పక్కన కూర్చొని, అది అట్లా జరగలేదని, అసలు జరిగింది ఇదీ అని నెమ్మదిగా చెప్పాను. ఆమె అంతా విన్నది. విని, "ఏమో బిడ్డా, మేమైతే గట్లనే ఇన్నం" అన్నది.

అందుకే ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు ఒక్కచోటైనా ఉండాలి.

మాది సారంగాపూర్ దగ్గర పల్లె. మా తాత తాళ్లెక్కి కల్లు గీసినవాడు. ఆయన తాడిచెట్టు మీది నుంచి పడి పోయాక కొడుకులిద్దరూ తాడెక్కే మోకు పట్టలేదు. మా బాపు వ్యవసాయంలో ఉండిపోయాడు. చిన్న బాపు, అంటే చిన్నమ్మ పెనిమిటి, కరెంటు పని నేర్చుకొని సిరిసిల్ల పోయాడు. తాత పోయిన నాటి నుంచి చిన్న బాపు కల్లు చుక్క నోట్లో వేసుకోలేదు. పెళ్లిళ్లలో బలవంతం చేస్తే లేచి బయటికి పోయేవాడు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత ఆయన మీద పడిన నింద అదే.

చిన్నమ్మది తంగళ్ళపల్లి. పెళ్లయ్యాక సిరిసిల్లలో ఓ అద్దె ఇంట్లో కాపురం. బాపమ్మ, అంటే మా బాపు వాళ్ల తల్లి, చిన్న కొడుకు దగ్గరే ఉండేది. చుట్టూ సాంచెల షెడ్లు, అంటే బట్ట నేసే మరమగ్గాలవి. ఎప్పుడూ చప్పుడే. ఆ ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడేవాళ్లని, అది కోపంతో కాదని చిన్నమ్మ చెప్పేది.

చిన్న బాపుకు రెండు మీటర్లుండేవి. తీగలో కరెంటు ఉందా లేదా, ఉంటే ఎంత ఉందో అంకెల్లో చూపించే చేతి మీటర్లు. ఒకటి రోజూ జేబులో పెట్టుకొని పోయేది. రెండోది పెద్దది, మోటార్ల మీద ఎంత లోడు పడుతున్నదో చూడ్డానికి ఎప్పుడో ఒకసారి అటక మీది నుంచి దిగేది. ఒకసారి అందులో సెల్లులు లేవని చూసి, వేసి పెట్టమని చిన్నమ్మకు చెప్పి పనికి పోయాడు. అప్పుడు చెల్లె చంటిపిల్ల. చిన్నమ్మ పిల్లను సంకనేసుకొని పోయి కిరాణం దుకాణంలో ఓ సెల్లు కొన్నది. ఇంకోటి రేడియోలోంచి తీసింది. రెండూ వేసి, మూత బిగించి, మీటరును మళ్లీ అటకెక్కించింది. ఆమె చేసింది అంతే.

చాలా నెలల తర్వాత ఓ పొద్దున రోజూ వాడే మీటరు వైరు తెగి కనిపించింది. చిన్న బాపు అటక మీది మీటరు దించుకొని పోయాడు. ఓ ఆసామి షెడ్డులో ప్యానెల్ బోర్డు కాలిపోయింది. సాంచెలు నడిపించే యజమానిని సిరిసిల్లలో ఆసామి అంటారు. చిన్న బాపు మెయిన్ స్విచ్ బంద్ చేశాడు. మీటరు పెట్టి చూశాడు. సున్నా చూపించింది. లోపలికి చెయ్యి పెట్టాడు.

ఇంటికి కబురు రాకముందే ఆసామి పోలీసులకు చెప్పుకున్నాడు, తాగి పనికొచ్చాడని. దవాఖానా వరండాలో మా బాపు ఎదుటే, "కల్లు గీసేటోళ్ల పిలగాడు, తాగకుంట ఎట్లుంటడు" అన్నాడట. మా బాపు ఆయన మీదికి పోతే నలుగురు పట్టుకున్నారు. బాపమ్మ కిందనే కూర్చొని, ఆసామి చెప్పులకేసి చూస్తూ ఉన్నదట.

చిన్న బాపు సంచి ఇంటికి వచ్చింది. ఆయనతో పనిచేసే ఒకతను మీటరు వెనక మూత విప్పాడు. సెల్లులు ఉబ్బి, స్ప్రింగుల చుట్టూ తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకున్నట్టు పొక్కులు కట్టి ఉన్నాయి. సెల్లులోంచి కారిన రసం లోపలి దాకా పాకి, డయల్ కింది రాగి గీతలను తినేసిందని అతను చెప్పాడు. ఇట్లాంటప్పుడు తెర వెలుగుతుంది, అంకె కనిపిస్తుంది, కాని ఆ అంకెను నమ్మడానికి లేదని, మెయిన్ పూర్తిగా బంద్ కాకున్నా సున్నా చూపించవచ్చని కూడా చెప్పాడు.

అప్పుడు చిన్నమ్మ, ఎవరూ అడగకుండానే, "గా సెల్లులు నేనే ఏసిన" అన్నది.

అబద్ధం ఆడడం రాక అన్నది. దాచుకోవాలన్న ఆలోచన తట్టక అన్నది. బాపమ్మ తలెత్తి కోడలి వైపు చూసింది. "గట్లయితే నా కొడుకును సంపింది కరెంటు గాదు" అన్నది.

ఆ రోజు మొదలైంది. పొద్దున లేవగానే, అన్నం ముందు కూర్చోగానే, చెల్లెకు జ్వరం వస్తే, వాన రాకపోతే కూడా అదే మాట. సెల్లులేసి సంపినదానా. చుట్టాలింటికి పోతే అక్కడ. నీళ్ల పంపు దగ్గర. కొన్నాళ్లకు తాగి పోయాడన్న మాట సిరిసిల్ల మర్చిపోయింది. పెళ్లామే చంపుకున్నదన్న మాట నిలిచిపోయింది. ఆసామికి ఇంతకంటే ఏం కావాలి.

చిన్నమ్మ అన్నకు కోరుట్లలో చిన్న కరెంటు సామాన్ల దుకాణం ఉండేది. ఆయన దుబాయి పోతూ దాన్ని చెల్లెలికి అప్పగించాడు. చిన్నమ్మ బిడ్డను తీసుకొని కోరుట్ల వచ్చేసింది. బాపమ్మ మా ఇంటికి రావచ్చు. రాలేదు. నా చిన్న కొడుకు ఇల్లు ఎక్కడుంటే నేనక్కడే అని, తన బట్టల మూటతో వచ్చి కోరుట్ల ఇంట్లో కూర్చున్నది. మా బాపు గట్టిగా పిలవలేదు. నేను ఎనిమిదో తరగతి నుంచి పాలిటెక్నిక్ దాకా ఆ ఇంట్లోనే ఉండి చదువుకున్నాను, ఉద్యోగం వచ్చేదాకా అక్కడే ఉన్నాను, కాబట్టి చాలా వరకు నా కళ్లతో చూసిందే చెబుతున్నాను.

దుకాణంలో బల్బులు, వైర్లు, స్విచ్చులు అన్నీ ఉండేవి. కాని చిన్నమ్మ మనసు పెట్టింది సెల్లుల మీద. ఇదే ఎందుకని ఓసారి అడిగాను. "తెల్వకుంట ఏసిన. ఇప్పుడు తెలుసుకొని ఇస్త" అన్నది. అంతకు మించి చెప్పలేదు.

ఎవరు వచ్చి సెల్లులు అడిగినా ముందు ఒకటే ప్రశ్న. ఎందుల ఏస్తవు. గోడ గడియారానికి అంటే మామూలువి ఇచ్చేది. టార్చికి, పిల్లల బొమ్మకు అంటే ఆల్కలైన్‌వి. మీటరుకు అంటే చేస్తున్న పని ఆపి కుర్చీలోంచి లేచేది. రోజూ వాడతవా, ఎప్పుడో ఒకసారా? రోజూ వాడేదైతే ఆల్కలైన్ చాలు, ఎట్లాగూ నెలల్లోనే అయిపోతాయి, నువ్వే మారుస్తావు. అల్మారాలో పడి ఉండేదైతే వాటిని పెట్టి మర్చిపోవద్దు, మెల్లగా సత్తువ పోయి కారతాయి. అట్లాంటిదానికి లిథియం సెల్లు వెయ్యి. అదే సైజు, అదే ఒకటిన్నర వోల్టులది, తేలికగా ఉంటుంది. కారే భయం చాలా తక్కువ, ఏళ్లు ఉంటుంది. మీటరు పుస్తకంలో వద్దని రాసి ఉందేమో మాత్రం చూసుకో. అది దొరక్కపోతే సెల్లులు తీసేసి, చిన్న కవర్లో వేసి, మీటరుకు దారంతో కట్టి పెట్టు. కొత్తదీ పాతదీ కలపకు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె ఎవరి ముఖమూ చూసేది కాదు.

ఇంకొకటి కూడా చెప్పేది. ముందు కరెంటున్న తీగ మీద మీటరు పెట్టి చూడు. తర్వాత పని చేయాల్సిన తీగ మీద చూడు. మళ్లీ కరెంటున్న తీగ మీద చూడు. మూడూ సరిగ్గా చూపిస్తేనే చెయ్యి పెట్టు. "సున్నా చూపిస్తే నమ్మకు. సున్నా ఎట్లచ్చిందో చూడు" అనేది.

దసరాకు కరెంటు పనివాళ్లు చాలామంది తమ సామాన్లు తెచ్చి ఆమె దుకాణంలోనే పూజ చేయించుకునేవాళ్లు. చిన్నమ్మ కుంకుమ గిన్నె పట్టుకొని నిలబడేది. మీటరు వెనక మూత తీసి చూపించందే బొట్టు పెట్టేది కాదు. పొక్కు కనిపిస్తే పూజ ఆగేది. చిన్న చీపురుపుల్లకు దూది చుట్టి, నిమ్మరసంలో అద్ది, తుడిచి, ఆరబెట్టి, అప్పుడు బొట్టు. అప్పటికీ పోని మచ్చ ఉంటే ఆ మీటరు ఇక ప్రాణం మీదికి వచ్చే పనికి పనికిరాదని తేల్చేసేది. కొందరు నవ్వేవాళ్లు. కొందరు కోపం చేసుకునేవాళ్లు. అందరూ మళ్లీ దసరాకు వచ్చేవాళ్లు.

ఇదంతా ప్రశాంతంగా సాగిందనుకోవద్దు. దుకాణం ముందు మెట్టు పక్కన ఓ స్టూలు మీద బాపమ్మ కూర్చునేది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేనని పొద్దున చిన్నమ్మతో పాటే వచ్చేది. ఎవరైనా మీటరు పట్టుకొని వస్తే ఆపేది. "సెల్లులకా? దీని తాన కొనకు బిడ్డా. నా కొడుక్కు గిట్లనే ఏసిచ్చింది" అనేది. తెలిసినవాళ్లు తల దించుకొని లోపలికి వచ్చేవాళ్లు. తెలియనివాళ్లు లోపలికి చూసి, ఆమెను చూసి, వెనక్కి పోయేవాళ్లు. కొందరు మాత్రం కావాలని బాపమ్మను కదిపి, చెప్పించుకొని, నవ్వుకొని పోయేవాళ్లు. నాకు వాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

చిన్నమ్మ ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఎండ మెట్టు మీదికి వచ్చినప్పుడు లేచి పోయి అత్త స్టూలును నీడలోకి జరిపేది. ఆ జరిపేటప్పుడు కూడా బాపమ్మ తిట్టేది. చెల్లె పెద్దదై ఒకరోజు నాయనమ్మ మీద అరిస్తే, చిన్నమ్మ చెల్లెను కొట్టింది. "ఆమె అన్నదాంట్ల అబద్ధం ఏమున్నది" అని అడిగింది. ఆ ఒక్కసారే ఆమె బిడ్డ మీద చెయ్యి ఎత్తడం నేను చూశాను.

నేను కరెంటు పని చదువుతానంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఆడపిల్లకు ఎందుకని ఒకరు, ఈ ఇంట్లో కరెంటు ఒకరిని తిన్నది చాలదా అని ఒకరు. చిన్నమ్మ ఒక్కతే చదవనియ్యమన్నది. సారంగాపూర్ దాకా బస్సులో వచ్చి మా బాపుతో మాట్లాడింది. భయపడేటోళ్లే ఈ పని చేయాలె బావా, అని చెప్పింది. ఈ రోజు నేను తింటున్న తిండి ఆ మాట వల్ల వచ్చింది.

జగిత్యాలలో నాకు ఉద్యోగం వచ్చాక ఓ సెలవు రోజున చూడ్డానికి వచ్చింది. తరగతి గది చూపించాను. ఆమె నేరుగా మూలనున్న అల్మారా దగ్గరికి పోయింది. పరీక్షలప్పుడు తప్ప బయటికి రాని మీటర్లు అందులో ఉన్నాయి. తాళం తీయించింది. కింద చాప వేసుకొని కూర్చున్నది. ఇద్దరం సాయంత్రం దాకా ఒక్కొక్క మూతా విప్పాం. నిమ్మకాయలు, దూది సంచిలో తెచ్చుకొనే వచ్చిందని అప్పుడు తెలిసింది. బాగు కానివి పక్కన పెట్టాం. బాగున్నవాటిలో, ఆపద వేళ చేతికి తీసుకోవాల్సిన రెండింటిలో లిథియం సెల్లులు వేసింది. మిగతా అన్నింటికీ సెల్లులు కవర్లో, కవరు దారంతో. పోయేముందు నా పిల్లలు ఎక్కడెక్కడ కూర్చుంటారని అడిగి, బెంచీల మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ పోయింది.

ఇక చెప్పాల్సింది ఓ నేతమనిషి గురించి. నాకు ఉద్యోగం రాకముందు, పాలిటెక్నిక్ చివరి ఏడు. బాపమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగి, అప్పటికే మంచానికి పరిమితమైంది. దుకాణం ముందు స్టూలు ఖాళీగా ఉండేది. ఒకరోజు పొద్దున ఓ ముసలాయన బీపీ చూసుకునే మిషన్‌కు సెల్లులు కావాలని వచ్చాడు. ఎందుల ఏస్తవు, రోజూ చూసుకుంటవా అని చిన్నమ్మ అడిగింది. ఆయన బిడ్డను కోరుట్లలో ఇచ్చాడట, చూడ్డానికి వచ్చాడట. మాటల్లో సిరిసిల్ల అని వచ్చింది. ఏ షెడ్డు అని ఆమె అడిగింది. ఆయన చెప్పాడు. చెప్పి, ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు.

"నువ్వు మా కరెంటు తమ్ముని ఇంటామెవా?" అన్నాడు.

చిన్నమ్మ తల ఊపింది.

ఆయన కౌంటర్ పట్టుకొని నిలబడి, ఆగి ఆగి చెప్పాడు. చిన్న బాపు స్విచ్ బంద్ చేసే చెయ్యి పెట్టాడు. బట్ట ఆ రోజే పోవాలని ఆసామి తొందర మీదున్నాడు. అవతలి వరుస సాంచెలన్నా నడవనియ్యుండ్రి అని అరిచాడు. ఆసామి మనిషి ఒకడు పోయి, ఏది దేనిదో చూడకుండా మెయిన్ ఎత్తి కరెంటు వదిలాడు. అక్కడున్నవాళ్లందరూ చూశారు. ఎవరూ నోరు విప్పలేదు. విప్పితే మరునాటి నుంచి పని లేదు.

"మాకు నోరు లేకుండె చెల్లె" అన్నాడు ఆయన. "కర్మ నాడు మీ అత్తకైతే చెప్పిన. ఎవలకు చెప్పకు అన్నది. నీకు చెప్పిందనే అనుకున్న."

చిన్నమ్మ ఆయన చేతిలోని మిషన్ తీసుకున్నది. సెల్లుల ప్యాకెట్టు విప్పి ఆయన మిషన్‌లో వేసి, నొక్కి, వెలుగుతుందో లేదో చూసింది. వాడనన్ని రోజులు తీసి పెట్టమని చెప్పింది. ఆయన పోయాక షట్టర్ దించింది. నేను వెనకే పోయాను.

ఇంట్లో అన్నం కలిపింది. బాపమ్మను దిండుకు ఆనించి కూర్చోబెట్టి, మొదటి ముద్ద పెట్టింది. ఆమె నమిలి మింగేదాకా ఆగింది. అప్పుడు అడిగింది. "స్విచ్ ఎత్తిండ్రని నీకు తెలుసా అత్తా?"

బాపమ్మ ముఖం గోడవైపు తిప్పుకున్నది. తెలియదని అంటుందనుకున్నాను. అనలేదు.

"తెలుసు" అన్నది. "ఆసామి నాకు అందుతడా? ఆయన పోలీసులు, ఆయన మనుషులు. నేనేం జేస్త. నువ్వు అందినవు. ఎవలనన్న అనకుంటే నేను బతికేదాన్ని గాదు."

చిన్నమ్మ రెండో ముద్ద పెట్టింది. మూడోది పెట్టింది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తినిపించి, మూతి తుడిచి, పడుకోబెట్టి బయటికి వచ్చింది. ఆ తర్వాత బాపమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు.

కోపం చల్లారాక మాట్లాడుతుందనుకున్నాం. మాట్లాడలేదు. పొద్దున స్నానం చేయించేది, బట్టలు మార్చేది, ఒళ్లు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పేది, వేళకు తిండి, వేళకు మందులు. గొంతు మాత్రం లేదు. బాపమ్మ మొదట తిట్టింది. తర్వాత ఏడ్చింది. తర్వాత నన్ను పిలిచి, "దాన్ని ఒక్క మాట మాట్లాడుమను బిడ్డా. తిట్టనన్న తిట్టుమను" అని నా చెయ్యి పట్టుకున్నది. వంటింట్లోకి పోయి అడిగాను. చిన్నమ్మ పొయ్యి మీద నుంచి తల తిప్పలేదు. "అన్నం పెడుతున్న గదా. మాట నా తాన లేదు" అన్నది. చెల్లె కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. మా బాపు వచ్చి బతిమాలాడు. లేదు. రెండు వానాకాలాలు ఆ ఇల్లు అట్లాగే గడిచింది. మంచంలో ముసలామె అడుగుల చప్పుడు విని తలుపు వైపు చూడడం, ఆమె వచ్చి, పని చేసి, పోవడం. చిన్నమ్మ దేవత అని నేను రాయను. అంత కఠినమైన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ రోజుల్లోనే ఓసారి నేను ధైర్యం చేసి, ఇక నీ తప్పేమీ లేదు కదా చిన్నమ్మా అన్నాను. చిన్న బాపు మీటరును ఆమె ఇన్నేళ్లూ ట్రంకు పెట్టెలో దాచింది. ఆ మీటరు సరిగ్గానే సున్నా చూపించిందా, లేక చెడిపోయి చూపించిందా అని తెలుసుకోవాలని, దాన్ని బయటికి తీసి విప్పింది. లోపల రాగి మిగల్లేదు. అప్పుడు ఎట్లా ఉందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆమె మూత పెట్టేసింది. "స్విచ్ ఎత్తకున్నా గిది ఏదో ఒకనాడు సంపేదే. సగం నాదే" అన్నది. ఆ సగాన్ని ఆమె చివరిదాకా ఎవరికీ ఇవ్వలేదు. దసరాకు మూతలు తీయించడమూ మానలేదు.

బాపమ్మ ఓ మధ్యాహ్నం పోయింది. తలుపు వైపు తిరిగి ఉండగానే పోయింది. మా బాపుకు ఫోన్ చేశాం. కట్టెలకు, పాడెకు మనుషులు పోయారు. స్నానం చేయించడానికి వాడకట్టు ఆడవాళ్లు వచ్చేలోపు నేను పెరట్లో నీళ్లు కాగబెడుతున్నాను. బకెట్టు పట్టుకొని లోపలికి వస్తే, దగ్గరగా వేసిన తలుపు వెనక నుంచి మాటలు వినిపించాయి. ఎవరో చుట్టాలు అప్పుడే వచ్చారనుకున్నాను. మోచేత్తో తలుపు తోశాను.

గదిలో ఇంకెవరూ లేరు. చిన్నమ్మ మంచం మీద కూర్చొని, బాపమ్మ తలను ఒళ్లో పెట్టుకొని, జుట్టు విప్పి దువ్వుతున్నది. మాట్లాడుతున్నది. పక్కింటికి పోయి వచ్చిన మనిషి చెప్పినట్టు చెబుతున్నది.

"నీ పెద్దకొడుకు బయలెల్లిండట అత్తా, పొద్దుగూకేవరకు అస్తడు. ఈయేడు వరి మంచిగనే ఎల్లింది వాళ్లకు. పిల్ల పరీక్షలు రాసింది, పాసయితా అంటుంది. మందుల దుకాణపాయన బిడ్డకు కొడుకు పుట్టిండు. మన సందుల పిల్లి మల్ల ఈనింది, మూడు పిల్లలు, ఒకటి నల్లగున్నది. నువ్వు అడిగితివి గదా మామిడికాయ తొక్కు గావాలని, పెట్టిన, కారం జరంత ఎక్కువైంది..."

నేను బకెట్టు కింద పెట్టాను. ఆమె చూడలేదు. వాకిట్లో ఆడవాళ్లు వచ్చి, కానియ్యమని పిలిచారు. చిన్నమ్మ వాళ్ల వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆగమన్నది. జుట్టులో చిక్కు పడిన చోట దువ్వెన పక్కన పెట్టి, వేళ్లతో మెల్లగా విడదీస్తూ, నొప్పి కలగకుండా కుదురు పట్టుకొని, ఇంకా చెబుతూనే ఉంది.